న్యూయార్కు గ్రంథాలయములో మా వేసవి

వేసవి సెలవులనగా మన యిండ్లలో నేమేమి జరుగునో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. ఆవకాయ జాడీలు, వడియములు పెట్టిన పాతచీరలు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, మధ్యాహ్నపుటెండలో వీధికి పరుగెత్తు పిల్లలను లోపలికి లాగి గడియ పెట్టుట, పెట్టిన గడియను వారు మరల తీయుట. పిల్లల నేమి చేయుదుమను చింత మన దేశపు తల్లులకే యున్నదని మేము తలచియుంటిమి. సముద్రములు దాటి పోయినను చింత యదియే యని 2024వ సంవత్సరపు వేసవిలో మాకు తెలిసివచ్చెను.

మా యమ్మాయి న్యూయార్కు నగరమున, బ్రాంక్సు అను భాగమున, ఒక వైద్యశాలలో వైద్యురాలు. అల్లుడుగారును ఉద్యోగస్థులే. మనుమరాలికి 14 ఏండ్లు, మనుమనికి 9. అచ్చటి బడులు జూన్ మాసాంతమున మూసి సెప్టెంబరు మొదటిభాగమున తెఱతురు. అనగా మన పిల్లలు క్రొత్తపుస్తకములకు అట్టలు వేసికొని బడికి పోవుచున్న దినములలో వారి పిల్లలకు సెలవులు మొదలగును. రెండు నెలలు పగలంతయు పిల్లలను కనిపెట్టుకొని యుండు శిబిరములు లేకపోలేదు గాని, వాని రుసుము విన్నచో మనకు కళ్లు తిరుగును. అందుచేత మా యమ్మాయి ఫోనుచేసి, “అమ్మా, ఈ ఏడు నువ్వూ నాన్నా రాకపోతే నాకు గడవదు” అనెను. కన్నబిడ్డ అట్లడిగిన తరువాత రాకతప్పునా? మా వారు తోటకు నీళ్లు పెట్టుటను పొరుగువారికి అప్పగించి, మేము ఊరగాయల డబ్బాలను బట్టలలో చుట్టి, బయలుదేఱితిమి.

మొదటి పది దినములు మాకు చెఱసాలవలె గడచెను. ఆఱవ అంతస్తులో నాలుగు గదులు. అరుగు లేదు, పెరడు లేదు, గోడమీదుగా మాటలాడుటకు పొరుగింటివారు లేరు. ఎండ మన గుంటూరు ఎండవంటిది కాదందురు. కాని యిటుకల మేడలు పగలంతయు కాగి రాత్రి వేడిని వెడలగ్రక్కును. పిల్లలిద్దఱు చెరియొక మూలను ఫోనులలో తలలు దూర్చుకొని యుండిరి. మనుమనికి మన మాట యంతయు తెలియును. బదులు మాత్రము ఇంగ్లీషున చెప్పును. “అన్నం తిన్నావా నాన్నా?” అని తెలుగున నడిగిన, “యా” అని యొక్క యక్షరము మా మొగమున పాఱవేయును. వానితో కథ చెప్పుద మనుకొని వచ్చిన మాకు, ఏ భాషలో చెప్పవలెనో తెలియకపోయెను.

మా యింటి క్రిందనే పోర్టోరికో దేశపు ముసలమ్మగారొకరు కలరు. మెట్లవద్ద మమ్ము చూచి నవ్వుచుండెడివారు. ఆమెకు ఇంగ్లీషు కొంచెము, మాకు మఱికొంచెము తక్కువ. ఒకనాడు పిల్లలను చూపి, వీధి చివఱను చూపి, రెండుచేతులు పుస్తకమువలె తెఱచి చూపిరి. ఆ సైగ పట్టుకొని పోగా గ్రంథాలయము కనబడెను.

ఆ నగరమున గ్రంథాలయమనగా ఒక్క భవనము కాదు. న్యూయార్కు ప్రజా గ్రంథాలయమునకు మాన్‌హటన్, బ్రాంక్సు, స్టాటెన్ ఐలండు అను మూడు భాగములలో సుమారు 90 చోటులు కలవు. బ్రూక్లిన్, క్వీన్సు భాగములకు వేఱు గ్రంథాలయ సంస్థలున్నవి. మేము పోయినది మన తాలూకా కచేరియంత యుండు నొక శాఖ. తలుపు తీయగానే చల్లనిగాలి మొగమునకు తగిలెను. ఎండలు మిక్కుటమైన దినములలో ఈ శాఖలు ప్రజలు సేదదీర్చుకొను చల్లని తావులుగ గూడ ఉపయోగపడునట. ఎవరు మీరని గాని, ఏల వచ్చితిరని గాని అడుగువారు లేరు. ఒక మూల తలనెఱసిన పెద్దమనిషి పత్రిక చదువుచున్నారు. మఱియొక మూల చంటిబిడ్డను ఒడినిడుకొని యొక తల్లి బొమ్మలపుస్తకము త్రిప్పుచున్నది. పనిలేని యువకు డొకడు అచ్చటి యంత్రముముందు కూర్చుండి ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసికొనుచున్నాడు. మా వారు మాత్రము గుమ్మమువద్దనే నిలిచి, “ఊరికే ఇచ్చేవాళ్లు ఉండరే. చివర ఏదో బిల్లు ఇస్తారు చూడు” అనిరి. రెండు నెలలును ఆ బిల్లుకొఱకు వారు చూచుచునే యుండిరి.

కార్డు సంపాదించుట సులభము. న్యూయార్కు రాష్ట్రమున నివసించు వారికి, అచ్చట పనిచేయువారికి, చదువుకొనువారికి రుసుము లేకుండ నిత్తురు. చిన్నపిల్లల కార్డునకు తల్లిగాని తండ్రిగాని సంతకము చేయవలెను. మావంటి చుట్టములు లోపల కూర్చుండి చదువుకొనుటకు కార్డుతో పనియే లేదు. ఒక శాఖలో తీసికొన్న పుస్తకమును వేఱొక శాఖలో నిచ్చివేయవచ్చును. మన శాఖలో లేని పుస్తకమును కోరినచో వేఱుచోటినుండి తెప్పించి, వచ్చినదని కబురుపెట్టుదురు. మనుమరాలు తన కార్డును మాకు చూపి మఱియొక వింత చెప్పెను. పదమూడేండ్లు నిండినవారు ఆ కార్డుతో నగరములోని అనేక ప్రదర్శనశాలలకు ఉచిత ప్రవేశమును ముందుగా కోరి పొందవచ్చునట. ఈ యేర్పాటు 2018లో మొదలైనది. ఆ విధముగ మేమొక మ్యూజియమును పైస ఖర్చు లేకుండ చూచితిమి. మా వారి జోస్యము అచ్చటను ఫలింపలేదు.

పిల్లలకొఱకు వేసవిలో జరుగు కార్యక్రమముల పట్టిక గోడపై నుండును. కథాకాలక్షేపము, కాగితపు బొమ్మలు చేయుట, గారడీ, పాటలు, పెద్దపిల్లలకు చిత్రలేఖనము. ఏదియు కొనవలసినది కాదు. చదివిన పుస్తకములను గుఱుతు వేసికొని చూపు పిల్లలను మెచ్చుకొందురు. కొన్ని పుస్తకములను తిరిగి యియ్య నక్కఱలేకుండ సొంతమునకే యిత్తురు. వేసవి దినములలో బడిలో దొరకు భోజనము బీదపిల్లలకు దొరకదు గనుక, కొన్ని శాఖలలో మధ్యాహ్న భోజనపు పొట్లములు గూడ పంచిపెట్టుదురు. ఈ మాట విన్నపుడు మాకు గౌరవము కలిగెను. పుస్తకము చేతికిచ్చువారు పిల్లవాని కడుపు చూచుటయు తమ పనియే యనుకొనుట సామాన్యము కాదు. సెలవులలో పుస్తకము ముట్టని పిల్లలు నేర్చినదానిని కొంత మఱతురనియు, ఆ నష్టము బీదపిల్లలకే యెక్కువ కలుగునేమో యనియు ఆ దేశపు టుపాధ్యాయులకు బెంగ.

పెద్దవారికి ఇంగ్లీషు మాటలాడుట నేర్పు తరగతులు గూడ నున్నవి. మేము సిగ్గుపడుచు నొకదానికి పోయితిమి. గుండ్రముగ వేసిన కుర్చీలలో బంగాళము నుండి వచ్చిన వధువు, ఆఫ్రికానుండి వచ్చిన వృద్ధురాలు, చీనా దేశపు దర్జీ, మేము. ఆనాటి విషయము “మీ యింటి వంట”. మేము గోంగూరను గుఱించి ఇంగ్లీషున చెప్పబోయి చేతులతోనే సగము చెప్పితిమి. పుల్లని ఆకు అని చెప్పగానే ఆఫ్రికా అమ్మగారు తమ దేశమున నున్నదని లేచి మా చేయి పట్టుకొనిరి. గోంగూర మనదే యని యింతకాలము గర్వపడిన మాకు అది యొక పాఠము.

ఈ శాఖలెట్లు కలిగినవో మా యమ్మాయి రాత్రి భోజనమువేళ చెప్పెను. ఆండ్రూ కార్నెగీ యను ఉక్కు వ్యాపారి 1901లో న్యూయార్కు నగరమున శాఖా గ్రంథాలయములు కట్టుటకు 52 లక్షల డాలర్ల నిచ్చుటకు ముందుకు వచ్చెను. నేలయు, నడపుటకు ఖర్చును నగరము భరింపవలెనని నియమము. ఆ 1901వ సంవత్సరముననే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదని మేము చెప్పితిమి. అచ్చట కోటీశ్వరుని ధనము. ఇచ్చట కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నాయని వెంకట రంగారావుగారు మొదలగువారి పట్టుదల. మన తల్లుల తరమువారు చదివిన పుస్తకము లెన్నో అట్టి పట్టుదలవలననే ఊళ్లకు చేరినవి.

కార్నెగీ పెట్టిన నియమముయొక్క బరువు మేమున్న యేటనే కనబడెను. నగరపాలకులు ధనము తగ్గించుటచే 2023 నవంబరునుండి ఆదివారములు శాఖలను మూసివేసిరి. ప్రజలు గొడవ చేయగా 2024 వేసవిలో ఆ ధనమును మరల నిచ్చిరి. అంతటి నగరమునను గ్రంథాలయమునకై తగవులాడుట తప్పలేదు.

ఆ గ్రంథాలయమున పిల్లల విభాగమును తీర్చిదిద్దినది ఒక స్త్రీ. ఆన్ కారల్ మూర్ అను నామె 1906 మొదలు 1941 వఱకు ఆ పనికి పెద్దగ నుండెను. “మాటలాడరాదు” అను పలకలను తీయించి, పిల్లలచే పెద్దపుస్తకమున సంతకము చేయించి, పుస్తకములను జాగ్రత్తగ చూచుకొందుమని మాట తీసికొని, పుస్తకము లిచ్చెడిదట. పిల్లవానిని నమ్మి మాట తీసికొనుట వేఱు, వానిని దొంగయని యనుమానించి కాపలా కాయుట వేఱు. దీనిని గుఱించి మరల చెప్పుదుము.

మఱియొక స్త్రీ పేరును మేము మఱవజాలము. ఆమె ప్యూరా బెల్‌ప్రే. పోర్టోరికోనుండి వచ్చి 1921లో ఈ గ్రంథాలయమున ఉద్యోగమున చేరెను. తన దేశపు పిల్లలు వచ్చి మూగవారివలె కూర్చుండుట చూచి, వారి స్పానిషు భాషలోనే కథలు చెప్పుట మొదలుపెట్టెను, బొమ్మలాటలు ఆడించెను. తన అమ్మమ్మ చెప్పిన బొద్దింక, ఎలుకల పెండ్లికథను 1932లో పుస్తకముగ అచ్చువేయించెను. మా క్రిందియింటి ముసలమ్మగారు పుస్తకమువలె చేతులు తెఱచి చూపుటలో నెంత యర్థమున్నదో అప్పుడు తెలిసెను. అమ్మమ్మ కథకు గ్రంథాలయములో చోటున్నదన్న మాట మాకు కొండంత బలమిచ్చెను. మఱునాడు శాఖలో పిల్లలగది చూచు నామెతో మనుమరాలు మా సంగతి చెప్పగా, ఆమె వచ్చు గురువారము మమ్ము చెప్పుమనిరి. పదునైదుగురు పిల్లలముందు మేము ఎండని చేప కథను తెలుగున చెప్పితిమి. మనుమరాలు ఒక్కొక్కమాట ఇంగ్లీషు చేసెను. మధ్యలో ఆమె ఒకచోట తడబడెను. గడ్డిమోపు అడ్డమువచ్చిన చోటనుకొందుము. అంతవఱకు వెనుక దాగియున్న మనుమడు లేచి, “అట్లా కాదు, అమ్మమ్మ ముందు ఆవు చెప్పలేదు” అని తెలుగున గట్టిగ నఱచెను. వానికి కథయంతయు వచ్చును! ఎప్పుడు నేర్చుకొన్నాడో, ఏ రాత్రి నిద్రనటించుచు విన్నాడో!

నలువది రెండవ వీధిలోని పెద్ద గ్రంథాలయమును చూపుమని వాడే మమ్ము పీడించెను. డి అను నక్షరము గల రైలెక్కి పోతిమి. అది 1911 మే 23న తెఱచిన పాలరాతి భవనము. పూర్వ మచ్చట ఊరికి మంచినీరిచ్చు పెద్ద జలాశయ ముండెడిదట. దప్పిక తీర్చుచోటనే పుస్తకములు పెట్టిరి. ముంగిట రెండు రాతిసింహములు. 1930ల నాటి కఱవు దినములలో నగరాధ్యక్షుడు లా గార్డియా వానికి ఓర్పు, నిబ్బరము అని పేర్లు పెట్టెను. ఆడవారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. పై అంతస్తున చదువుగది 297 అడుగుల పొడవు, 78 అడుగుల వెడల్పు. నడుమ స్తంభమొక్కటి లేదు. 2014లో పైకప్పునుండి గారపూవొకటి రాలిపడగా రెండేండ్లకు పైగ మూసి, 2016లో మరల తెఱచిరి. పుస్తకములు వెనుకనున్న తోట నేలక్రింద నిలువయున్నవి. పాఠకుడు కోరిన పుస్తకము పట్టాలపై ప్రాకు చిన్న యెఱ్ఱబండ్లలో పైకి వచ్చును. మనుమని మనస్సంతయు ఆ బండ్లమీదనే. తరువాత నొకగదిలో, కథలోని పూ అను ఎలుగుబంటికి మూలమైన అసలు గుడ్డబొమ్మను చూచితిమి. అది 1987లో ఇచ్చటికి చేరినదట. బిడ్డ చేతులలో నలిగి నలిగి బొచ్చు రాలిన బొమ్మ. మన యిండ్లలో నైనచో ఎప్పుడో పాతసామానువానికి వేసియుందుము.

మధ్యాహ్నము వెనుకనున్న బ్రయంటు తోటలో చెట్లనీడను దద్దోజనము తింటిమి. ఆ తోటలో బల్లలపై పుస్తకములు పేర్చి యుంచిరి. 1935లో పనులు పోయి వీధులపాలైనవారు ఆ తోటలో కూర్చుండువారట. గ్రంథాలయమువారు పుస్తకములను వారివద్దకే తెచ్చి, పేరుగాని ఊరుగాని అడుగక చదువుకొమ్మనిరి. యుద్ధకాలమున అది నిలిచిపోగా 2003లో మరల పెట్టిరి. ఆ 1935లోనే మన గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు, పెదపాలెపు సేవాశ్రమమువారు, కాలువపై పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూర నిలుపుచు పంచిరి. మా అమ్మమ్మ గట్టుపై బిందె దింపి ఆ పడవను చూచినదాననని చెప్పెడిది. చదువు రాదు గనుక పుస్తకము తీసికొనలేదు. చూచినది చాలునని ముసలితనమువఱకు చెప్పుకొనెను.

ఇంటికి వచ్చు రైలులో మనుమడు తన పుస్తకమును మఱచెను.

దిగిన పిమ్మట నాలుగు మెట్లెక్కి ఆగి, సంచి తడిమికొని, తెల్లబోయి చూచెను. రైలు పోయినది. ఇంటికి వచ్చువఱకు మాటలాడలేదు. రాత్రి మా ప్రక్కను పడుకొని, ఆ రెండు నెలలలో మొదటిసారి తనంతట తాను తెలుగున, “అమ్మమ్మా, అమ్మకు చెప్పకు. పెట్టెలో వేసేశానని చెప్దాం. వాళ్లే పోగొట్టుకున్నారని అనుకుంటారు” అనెను. శాఖ గోడలో పుస్తకములు తిరిగి వేయు రంధ్రమొకటి కలదు, దాని సంగతి.

మేము చీకటిలో లేచి కూర్చుంటిమి. ఏబది నాలుగేండ్ల క్రిందటి మాటను మా నోటితోనే మరల వినినట్లయ్యెను.

1970లో మాకు 11 ఏండ్లు. మా పుట్టినయూరి గ్రంథాలయము ఒక్క గది. ఆడపిల్ల లచ్చటికి పోవుట అరుదు. మా నాన్నగారి పేర మేము పుస్తకము తెచ్చుకొనువారము. అచ్చటి పెద్దమనిషి పుస్తకములకంటె పుస్తకముల లెక్కను మిక్కిలి ప్రేమించువారు. అట్ట చిరిగినచో పదిమందిలో నిలువబెట్టి యడుగువారు. ఆ వానకాలమున మేము తెచ్చిన రాజకుమారుల కథల పుస్తకము చూరునీటికి తడిసినది. పొయ్యిప్రక్కను ఆరబెట్టగా కాగితములు అప్పడములవలె ముడుచుకొని, ఎఱ్ఱరంగు అట్టనుండి కాఱి లోపలి అక్షరములను ముంచెను. భయముతో దానిని బోషాణపు అడుగున ఇత్తడిపాత్రలక్రింద దాచితిమి. గడువు దాటి కబురు వచ్చినపుడు, “నేను ఇచ్చేశాను. ఆ అబ్బాయి చేతికి ఇచ్చాను” అంటిమి. ఆ అబ్బాయి యనగా పుస్తకములు తుడిచి సర్దు కుఱ్ఱవాడు; పదునెనిమిదేండ్లవాడు, మాలో పిల్లల కెవరికైన పై అరలోని పుస్తకము అందకపోయినచో స్టూలు వేసికొని తీసియిచ్చువాడు. అతడు మావంక చూచెను. “ఇయ్యలేదండీ” అని యొక్కసారి మాత్రమే యనెను. అతని జీతములో రెండున్నర రూపాయలు పట్టుకొనిరి. ఆ పిమ్మట మేమా గుమ్మము తొక్కలేదు. పెండ్లియై అత్తవారింటికి వచ్చునపుడు ఆ పుస్తకమును పట్టుచీరలక్రింద పెట్టి తెచ్చుకొంటిమి. పాఱవేయుటకు సరస్వతి యను భయము, తిరిగి యిచ్చుటకు సిగ్గు. మా వారికిగూడ చెప్పలేదు.

మనుమనికి ఆ రాత్రి ఇదంతయు చెప్పితిమి. వాడు చాలసేపు ఊరకుండి, “ఆ అన్నకు నువ్వు డబ్బులు ఇచ్చావా?” అని యడిగెను. లేదంటిమి. “ఎందుకు?” అనెను. ఆ ఎందుకునకు మావద్ద సమాధానము లేదు.

తెల్లవాఱి వాడే ముందు నడచెను. బల్లవద్ద నున్నామె వాని మాట విని కోపపడలేదు. రైలువారికి ఒక దరఖాస్తు పెట్టుమనిరి. గడువు దాటిన దినములకు రుసుము లేదనియు, నెల దాటినను రాకపోయినచో పోయినట్లు లెక్కించి వెల అడుగుదురనియు, తరువాత దొరికి తెచ్చినచో ఆ బాకీయును తొలగుననియు చెప్పి, ఆనాటికి వేఱొక పుస్తకము తీసికొమ్మనిరి. పోగొట్టినవానికి అప్పుడే మఱియొకటి యిచ్చుట! మేము ఆశ్చర్యపడగా మా యమ్మాయి తరువాత వివరించెను. 2021 అక్టోబరువఱకు ఆలస్యమునకు జుల్మానా ఉండెడిది. 15 డాలర్లు బాకీపడినవారి కార్డు నిలిచిపోయెడిది. నగరమంతట అట్లు నిలిచిన కార్డులు సుమారు 4 లక్షలు. సగమునకు పైగ బీదవారుండు పేటలలోనివే. అనగా ఎవరికి గ్రంథాలయము ఎక్కువ కావలెనో వారే రాక మానివేసిరి. ఆ నెల మూడు గ్రంథాలయ సంస్థలును జుల్మానాలను పూర్తిగ కొట్టివేసినవి. పిదప కొలది మాసములలోనే మాన్‌హటన్, బ్రాంక్సు, స్టాటెన్ ఐలండులలో 21,000 కు మించి పాతపుస్తకములును ఇతర వస్తువులును తిరిగి వచ్చినవట. కొన్ని ఎంత పాతవనగా వాని లెక్కయే గ్రంథాలయమున మిగిలియుండలేదు.

అవి వచ్చిన యిండ్లనుగూర్చి మేము చాలసేపు తలపోసితిమి. ఎన్ని బోషాణములో!

రైలులో పోయిన పుస్తకము దొరకలేదు. వెల పదునేడు డాలర్లు. మనుమడు తన డబ్బాలోని పైకము తెచ్చి బల్లపై లెక్కపెట్టెను. తక్కువైన నాలుగు డాలర్లు మా వారిచ్చిరి. బిల్లు చేతికి రాగానే వారి మొగము వికసించెను. “నేను చెప్పలా!” అనిరి.

సెప్టెంబరులో తెనాలి చేరిన మూడవనాడు పెట్టె తీసి, పుస్తకమును వారికి చూపి, సంగతి చెప్పితిమి. వారేమియు ననక, కారు తీసిరి. మా పుట్టినయూరి గ్రంథాలయము ఇప్పుడు క్రొత్తభవనమున నున్నది. చూచుకొనునది ముప్పదియేండ్ల పిల్ల. పుస్తకము వెనుకనంటించిన కాగితముపై 1970 నాటి తేదీ ముద్ర చూచి, నవ్వవలెనో మానవలెనో తోచక మావంక చూచినది. ఆనాటి దస్తరములు లేవు. ఆ కుఱ్ఱవాని పేరు చెప్పి యడిగితిమి. ప్రక్కనున్న పెద్దమనిషి, అతడు ఆ యేటనే పని మాని ఒంగోలువైపు పోయెననియు, అతనివారెవ్వరు నిచ్చట లేరనియు చెప్పెను. ఆ యేటనే యన్న మాటను మేము రెండుసార్లు చెప్పించుకొంటిమి.

మే నెలలో పిల్లలకు వేసవి శిబిరము పెట్టుదుమనియు, కథలు చెప్పువారు దొరకుట లేదనియు ఆ పిల్ల మాటలలో చెప్పినది. వత్తుమంటిమి. ఆమె తేదీ ముద్రను సిరాలో అద్ది, పాత తేదీక్రింద క్రొత్తతేదీని వేసి, అట్ట ఊడిపోవుచున్నదని దానికి దారముకట్టి, పుస్తకమును బీరువాలో పెట్టినది.